ముక్కు ఎక్కడుంది? ప్రాణహిత లోయ పారాసూకస్ ఎముకలు, వర్గీకరణ

మొసలికి ముక్కు మూతి కొసన ఉంటుంది. ఒళ్లంతా నీళ్లలో దాచుకుని ఆ కొసను మాత్రం పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. కోట్ల ఏళ్ల కిందట బతికిన పారాసూకస్ అనే సరీసృపానికి మూతి కొసన పళ్లు తప్ప ఇంకేమీ లేవు. దాని ముక్కురంధ్రాలు మూతి పొడవునా వెనక్కి జరిగి, కళ్లకు కాస్త ముందు, తల పైభాగాన తెరుచుకుంటాయి. పొడుగు మూతి, కోరపళ్లు, వీపు మీద పెంకులు, బలమైన తోక, పొట్టి కాళ్లు ఇలా ఏది చూసినా మొసలే. ముక్కు చూస్తే కాదు. ఒకసారి ముక్కు దగ్గర అనుమానం మొదలైతే అంగిలి, తుంటి, మడమ, భుజం దాకా ఒక్కొక్కటీ వేరని తేలుతుంది.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు తెలుగువాళ్లకు ఇది అమెరికా జంతువో జర్మనీ జంతువో కాదు. ప్రాణహిత దాటి పడమరకు పోతే మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల చెలకల్లో, ఒర్రెల గట్లలో బయటపడే ఎర్ర బంకమట్టిలోనే దీని అస్థిపంజరాలు దొరికాయి. ఆ పొరలకు మలేరి శిలాసముదాయం అని పేరు. మలేరి ఆ పక్క ఊరే. శాస్త్రంలో పారాసూకస్ హిస్లోపి అన్న పేరు మాత్రం నాగపూర్‌లో పనిచేసిన స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ మీద పెట్టారు. మధ్య భారతదేశపు రాళ్లను, శిలాజాలను తొలిరోజుల్లో శ్రద్ధగా పోగుచేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1863లో టాకల్‌ఘాట్ దగ్గర రాతి సమాధుల వలయాలు చూసి తిరిగివస్తూ వాగులో మునిగి చనిపోయాడు. నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీ పేరు ఆయనదే.

ఏ పొరలో వెతకాలి, ఏ పొరలో వెతకకూడదు

ప్రాణహిత గోదావరి లోయలో పడమటి నుంచి నది వైపు వస్తున్నకొద్దీ పొరల వయసు తగ్గుతుంది. అడుగున యెర్రపల్లి, దాని మీద భీమారం ఇసుకరాయి, ఆపైన మలేరి, ధర్మారం, ఆ తర్వాత కోట. యెర్రపల్లి మధ్య ట్రయాసిక్ కాలానిది. మలేరి ఎగువ ట్రయాసిక్‌ది, అంటే ఇప్పటికి సుమారు 22 కోట్ల ఏళ్ల కిందటిది. కోట జురాసిక్‌ది. పారాసూకస్ చెందిన ఫైటోసార్లనే ఈ మొత్తం గుంపు ట్రయాసిక్ చివర, 20 కోట్ల ఏళ్ల కిందట, ఒక్కటి కూడా మిగలకుండా అంతరించింది. కాబట్టి సిరొంచ తాలూకాలోని కోట సున్నపురాయిలో ఏ ఎముక దొరికినా అది ఫైటోసార్‌ది కాదు, అక్కడ ఆ ప్రశ్నే లేదు.

అయినా పొరపాటు పడే వీలు చాలానే ఉంది. కోట సున్నపురాయిలో లెపిడోటిస్ లాంటి చేపల పొలుసులు దండిగా దొరుకుతాయి. నిగనిగలాడే దళసరి పొలుసులు, డైమండ్ ఆకారంలో, వరసలుగా అతుక్కుని ఉంటాయి. చూడగానే మొసలి చర్మం అనిపిస్తుంది. పొలుసుకు ఒక పక్క పింగాణీ మెరుపు ఉంటే అది చేప. ఫైటోసార్ పెంకుకు మెరుపుండదు, పైన గుంటలు గుంటలుగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఎముక బరువు తెలుస్తుంది. ఇంకో చిత్రం, కోట నుంచి వచ్చిన మొసలి వంశపు అవశేషాల మీద రిచర్డ్ ఓవెన్ 1852లోనే రాశాడు. అంటే నదికి ఒక ఒడ్డున మొసలి వేషం వేసిన పరాయి జంతువు, రెండో ఒడ్డున నిజంగా మొసలి వంశంలోది. రెంటి మధ్య నది వెడల్పు కొద్దిపాటే, కాలం మాత్రం కోట్ల ఏళ్లు.

మలేరి పొరల్లో మూడు రకాల రాయి కనిపిస్తుంది. ఎక్కువ భాగం ఎర్ర బంకమట్టి, మధ్య మధ్య తెల్లటి ఇసుకరాతి పలకలు, అక్కడక్కడ సున్నపు గుళికలు ముద్దగా గట్టిపడిన రాయి. ఎర్రమట్టి వరద మైదానంలో పేరుకున్నది. ఇసుకరాయి ఏరు పారిన చోటు. సున్నపు గుళికల రాయి ఏటి ఒడ్డు కోసుకుపోయి, మట్టిలోని సున్నపు ఉండలు కొట్టుకొచ్చి ఒకచోట చేరినది. నిండు అస్థిపంజరం దొరికితే ఎర్రమట్టిలోనే దొరుకుతుంది. గుళికల రాయిలో దొరికేవి విరిగిన ముక్కలు, పళ్లు, లంగ్‌ఫిష్ (ఊపిరితిత్తులున్న చేప) దంతఫలకాలు, అవీ దొర్లి దొర్లి అంచులరిగినవి. ఆ రాయిలో పక్కపక్కనే దొరికిన రెండు ముక్కలను ఒకే జంతువువని అనుకోకూడదు. ఈ జాగ్రత్త లేకపోవడం వల్లే పారాసూకస్ పేరు చుట్టూ నూరేళ్లకు పైగా తగువు నడిచింది. ఆ సంగతి కిందకు వస్తుంది.

తల

మొసలి, ఘరియల్, పారాసూకస్ మూడింటి పుర్రెలు పక్కపక్కన పెడితే ముందు చూడాల్సింది మూతి ఏ ఎముకతో తయారైందన్నది. పైదవడ ముందు కొసన ఉండే ఎముక ప్రీమాక్సిల్లా, దాని వెనకది మాక్సిల్లా. మొసలి వంశంలో ప్రీమాక్సిల్లా చిన్నది, ముక్కురంధ్రం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. మూతి పొడవంతా మాక్సిల్లా సాగడం వల్ల వచ్చిందే. సన్న మూతి ఘరియల్‌లో కూడా ఇదే లెక్క. ఫైటోసార్లలో తిరగబడింది. ప్రీమాక్సిల్లా సాగి మూతిలో ఎక్కువ భాగాన్ని ఆక్రమించింది. ముక్కురంధ్రం ఆ ఎముక వెనకే ఉండాలి కాబట్టి, ఎముక సాగినకొద్దీ రంధ్రం వెనక్కి పోయింది. రెండు వంశాలూ ఒకే రకం మూతిని వేర్వేరు ఎముకలు సాగదీసి సాధించాయి. దూలం పొట్టిదైతే కొందరు ముందువైపు ముక్క అతుకుతారు, కొందరు వెనకవైపు అతుకుతారు, బయటికి పొడవు ఒకటే. అతుకు ఎక్కడుందో చూసినవాడికే తేడా తెలుస్తుంది.

పారాసూకస్‌లో ముక్కురంధ్రాలు కంటి ముందు కిటికీకి ముందే ముగుస్తాయి. కంటి ముందు కిటికీ అంటే కంటి గుంతకూ ముక్కుకూ నడుమ చెంపన ఉండే పెద్ద రంధ్రం, యాంటార్బిటల్ ఫెనెస్ట్రా. ఆ తర్వాత వచ్చిన ఫైటోసార్లలో ముక్కు ఇంకా వెనక్కి జరిగి ఆ కిటికీ పైకి, కొన్నింటిలో దాని వెనక అంచు దగ్గరికి చేరుతుంది. ఇలాంటి గుర్తులు చూసి పారాసూకస్‌ను ఫైటోసార్లలో తొలి కొమ్మల దగ్గర పెడతారు. కణత పైన ఉండే రంధ్రాలు కూడా దీనికి తల పైకప్పుతో సమమట్టంలో, పై నుంచి చూస్తే పూర్తిగా కనబడేలా ఉంటాయి. తర్వాతి వాటిలో ఆ రంధ్రాలు కిందికి దిగి, వెనక ఎముకలు కమ్మేసి, పైనుంచి సన్నటి సందులా మిగులుతాయి. నేటి మొసలికి కంటి ముందు కిటికీ అసలు లేదు, పూడుకుపోయింది. అందుకే చెంపన కిటికీ అంచు కనబడిన పుర్రె ముక్క దొరికితే అది నేటి మొసలిది కాదని అక్కడికక్కడే చెప్పొచ్చు.

అంగిలి తిప్పి చూస్తే మరో తేడా. మొసలి నోట్లో నీళ్లున్నా ఊపిరి ఆడాలి. ముక్కేమో మూతి కొసన, గొంతేమో వెనక. అందుకని ఎముకతో రెండో అంగిలి కట్టి, గాలి పోయే సొరంగాన్ని నోటిపైన వెనకదాకా తీసుకుపోయింది. సొరంగం చివర నాలుక మొదట్లోని తెర గొంతును మూసేస్తుంది. పారాసూకస్‌కు ఆ అవస్థ లేదు. ముక్కు వెనకే ఉంది, అంతర్నాసికా రంధ్రాలు, అంటే ముక్కు లోపల అంగిలిలోకి తెరుచుకునే రంధ్రాలు, దాదాపు దాని కిందే తెరుచుకుంటాయి. గాలి దారి పొట్టిది. పూర్తి ఎముక అంగిలి దీనికి లేదు, మెత్తటి కండ తెర ఏదైనా ఉండి ఉండవచ్చని అనుకుంటారు. ఒకే చిక్కుకు మొసలి సొరంగం తవ్వితే, ఫైటోసార్ ముక్కునే గొంతు దగ్గరికి జరుపుకుంది.

పళ్లు అన్నీ ఒక తీరు కావు. మూతి కొసన కొంచెం ఉబ్బి, కిందికి వంగి, అక్కడ పెద్ద కోరలుంటాయి. మధ్యలో సన్నటి శంఖాకారపు పళ్లు. వెనకవి పక్కలకు అదిమినట్టు పలచగా, అంచున సన్నటి రంపపు గాట్లతో ఉంటాయి. రాలిన పన్ను ఒక్కటే దొరికినప్పుడు జాతి పేరు చెప్పడం కుదరదు. పదిరెట్లు పెద్దది చేసే భూతద్దంతో అంచు చూసి, గాట్లుంటే నేటి మొసలి పన్ను కాదనడం వరకు న్యాయం. గాట్లున్న పళ్లు ఆ పొరల్లో మాంసాహార డైనోసార్లకూ మరికొన్నింటికీ ఉంటాయి కాబట్టి ఫైటోసార్ అని కూడా అనకూడదు.

కింది దవడలో రెండు కొమ్మలు చాలా దూరం వరకు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇది ఘరియల్ తీరే. సన్న మూతి నీటిలో అడ్డంగా ఊపితే నీటి ఒత్తిడి తక్కువ పడుతుంది, చేప దొరుకుతుంది. గోదావరిలో శివ్వారం దగ్గర ఉండే మగ్గర్ మొసలిది వెడల్పు మూతి, ఒడిశా మహానదిలో సత్కోసియా దగ్గర ఉండే ఘరియల్‌ది సన్న మూతి. పారాసూకస్ రెండో పద్ధతి. అయితే సన్న మూతి అంటే చేపలే తింటుందన్న మాట ఇక్కడ నిలవలేదు. మలేరిలో దొరికిన రెండు పారాసూకస్ అస్థిపంజరాల పొట్టభాగంలో మీటరు పైచిలుకు పొడవున్న మరో సరీసృపపు ఎముకలు కనిపించాయి. దానికి 1980లో మలేరిసారస్ రాబిన్సోనే అని పేరు పెట్టారు. అది చేప కాదు, నేల మీద తిరిగే జంతువు. ఏటి ఒడ్డుకు నీళ్లకొచ్చిన దాన్ని పట్టుకుని మింగి ఉండాలి.

తల కింద

పారాసూకస్ మొత్తం పొడవు సుమారు రెండున్నర మీటర్లు. ఫైటోసార్లలో ఇది చిన్నదే. మధ్యప్రదేశ్‌లోని టికి పొరల్లో దొరికిన కొలొసోసూకస్ పేరులోనే భారీతనం ఉంది.

మొసలి భుజంలో జత్రుక, అంటే కాలర్ బోన్, లేదు. నడుమన ఉండే ఇంటర్‌క్లావికల్ మాత్రం మిగిలింది. పారాసూకస్‌కు రెండూ ఉన్నాయి. మొసలి మణికట్టులో రెండు ఎముకలు చిన్నపాటి పొడుగు ఎముకల్లా సాగి ఉంటాయి. ఫైటోసార్‌లో అవి మామూలు గులకరాళ్లలాంటి ఎముకలే. వెన్నుపూసలు కూడా వేరు. నేటి మొసలి పూసకు ముందు గుంట, వెనక బంతి ఉండి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. ఫైటోసార్ పూసకు రెండు వైపులా లోతులేని గుంటలే. విడిపూస ఒక్కటే దొరికినా ఈ లెక్క పనికొస్తుంది.

తుంటి దగ్గర మరింత స్పష్టం. తొడ ఎముక తల కూర్చునే గిన్నె మూడు ఎముకలు కలిసి చేస్తాయి. మొసలిలో ప్యూబిస్ ఆ గిన్నెలోంచి బయటికి పోయింది, కదిలే కమ్మీలా ముందుకు నిలబడి ఊపిరికి సాయపడుతుంది. పారాసూకస్‌లో ప్యూబిస్ పలకలా వెడల్పుగా ఉండి గిన్నె అంచును పంచుకుంటూనే ఉంది. పాత పద్ధతి అన్నమాట.

మడమ మాత్రం గందరగోళం పెడుతుంది. మొసలి మడమలో ఆస్ట్రాగలస్ ఎముక కొయ్యలా పొడుచుకొచ్చి, కాల్కేనియం ఎముకలోని గుంటలో తిరుగుతుంది. ఫైటోసార్లలోనూ ఇదే అమరిక, కాస్త ముతకగా ఉంటుంది. కాల్కేనియం వెనక బుడిపె మొసలిలో సూటిగా వెనక్కి చూస్తే ఇందులో పక్కకు ఒరిగి ఉంటుంది. ఈ కొయ్య గుంట అమరిక మొసలి వంశానికే ప్రత్యేకమా, లేక మొసళ్లు, పక్షులు రెండింటి పూర్వీకులకూ ఉన్నదా అన్న ప్రశ్న దగ్గరే వర్గీకరణ తగువు మొదలవుతుంది.

పెంకుల మాట. వీపు మీద నడుమ వెన్ను పొడవునా జతలుగా పెద్ద ఫలకాలు, పక్కన చిన్నవి. గొంతు కింద కూడా చిన్న ఫలకాలు ఒత్తుగా ఉంటాయి. పొట్ట కింద పక్కటెముకల్లాంటి గాస్ట్రాలియా దట్టంగా అల్లుకుని ఉంటుంది. నిలువునా విరిగిన పెంకు పక్కనుంచి చూస్తే మధ్యలో స్పంజిలాంటి పొర, పైనా కిందా గట్టి పొర కనిపిస్తాయి. మట్టిలో గట్టిపడిన చెక్క శిలాజం అయితే నారలు ఒకే దిశలో పోతాయి. వడధం శిలాజ పార్కు దగ్గర చెట్టు మానులు చూసి అలవాటైన కళ్లకు ఈ తేడా తొందరగా పట్టుబడుతుంది.

పేరు కథ, లేదా తప్పుడు ముక్కలు ఒకే సంచిలో

గుంపు పేరే తప్పుతో మొదలైంది. 1828లో జర్మనీలో గేయోర్గ్ ఫ్రీడ్రిక్ యేగర్ ఒక దవడ ముక్క చూశాడు. పన్ను గుంతల్లో మట్టి నిండి గట్టిపడి మొద్దు గుళికల్లా ఉంది. వాటినే పళ్లనుకుని, ఇంత మొద్దు పళ్లు ఆకులు నమలడానికేనని, ఫైటోసారస్ అన్నాడు. మొక్కబల్లి అని అర్థం. నిలువెల్లా మాంసాహారి అయిన జంతువుకు శాకాహారి పేరు. తప్పు తెలిసినా పేరు మార్చరు, ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది జంతు నామకరణ నియమం. ఆ నియమం మంచిదే. పేరు అర్థాన్ని బట్టి ప్రతి తరమూ మారుస్తూ పోతే ఎవరు ఏ జంతువు గురించి రాశారో తెలియదు.

పారాసూకస్ అంటే మొసలికి పక్కనున్నది. ఇది చాలా మేలైన పేరు. థామస్ హెన్రీ హక్స్లీ 1870లో ఈ పేరు ప్రస్తావించాడు గానీ వివరణ ఇవ్వలేదు. వివరణ లేని పేరుకు శాస్త్రంలో లెక్క లేదు. 1875లో ఆయనే మొసళ్లను మూడు మెట్లుగా విడదీసి, అడుగు మెట్టుకు పారాసూకియా అన్నాడు. జాతికి వివరణ 1885లో రిచర్డ్ లిడెక్కర్ రాశాడు. చిక్కంతా అక్కడే. లిడెక్కర్ ముందున్నవి మలేరి నుంచి వచ్చిన విడివిడి ముక్కలు. మూతి కొస ముక్క, పుర్రె అడుగు ముక్క, పెంకులు, పళ్లు. అన్నింటినీ ఒకే జంతువుకు కట్టాడు. తర్వాత తేలిందేమంటే పుర్రె అడుగు ముక్క ఫైటోసార్‌దే కాదు. అది హైపరోడపెడాన్‌ది, ముక్కు కొస చిలకలా వంగి, అంగిలి నిండా పళ్ల వరసలున్న శాకాహార సరీసృపం. మలేరిలో అది కుప్పలుగా దొరుకుతుంది. రెండు జంతువులను కుట్టి ఒక పేరు పెట్టినట్టయింది.

కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భూవిజ్ఞాన విభాగం మలేరిలో తవ్వకాలు మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఆ విభాగానికి బాట వేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ పేరే మలేరిసారస్ రెండో మాటలో ఉంది. శంకర్ ఛటర్జీ 1978లో మంచి పుర్రెలు, రెండు నిండు అస్థిపంజరాలు ఆధారంగా పారాసూకస్‌ను తల నుంచి తోక దాకా వర్ణించాడు. ఇక తగువుండదని అనుకోవచ్చు. అలా జరగలేదు. 1991లో ఏడ్రియన్ హంట్, స్పెన్సర్ లూకస్ అన్నదేమంటే: లిడెక్కర్ పేరుకు ఆధారంగా మిగిలింది మూతి కొస ముక్క ఒక్కటే, ఆ ముక్కతో ఏ ఫైటోసార్‌నైనా వేరుచేయలేం, కాబట్టి ఆ పేరు ఆ ముక్కతోనే ఆగిపోవాలి, మంచి అస్థిపంజరాలను అమెరికా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేలియోరైనస్ కింద పెట్టాలి. నియమం ప్రకారం చూస్తే వాదన బలమైనదే. మూతి కొసలో ముక్కురంధ్రం లేదు, కిటికీ లేదు, కణత లేదు, అంటే వేరుచేసే గుర్తులేవీ లేవు.

దీనికి ఛటర్జీ 2001లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘాన్ని ఆశ్రయించాడు. ఆధార నమూనాగా ఆ ముక్కను తీసేసి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని నిండు అస్థిపంజరం ఐఎస్ఐ ఆర్ 42ను పెట్టాలని అడిగాడు. సంఘం 2003లో ఒప్పుకుంది. ఇలాంటి మినహాయింపు ఊరికే ఇవ్వరు. పాత పేరు బాగా వాడుకలో ఉండి, ఆధారం బలహీనమైనప్పుడే ఇస్తారు. ఇక్కడ ఇచ్చిన తీర్పు సరైనదే. లేకపోతే మలేరిలో ఎంత మంచి నమూనా దొరికినా అది వేరే ఖండపు పేరు కిందకు పోయేది.

ఆ తర్వాత బల్ల తిరగబడింది. 2016లో క్రిస్టియన్ కామరర్, రిచర్డ్ బట్లర్, శాశ్వతి బంద్యోపాధ్యాయ్, మిషెల్ స్టాకర్ మలేరి నమూనాలను కొత్తగా పరిశీలించి, అమెరికాలోని పేలియోరైనస్ బ్రాన్సోని, జర్మనీలోని అంగుస్టిఫ్రాన్స్, మన హిస్లోపి మూడూ ఒకే కొమ్మ అని తేల్చారు. మూడింటికీ ఒకే ప్రజాతి పేరు సరిపోతుంది. 1885 నాటి పారాసూకస్ 1904 నాటి పేలియోరైనస్ కంటే ముందుది. అంటే ఇప్పుడు అమెరికా జంతువు కూడా పారాసూకస్ బ్రాన్సోని. పాత పుస్తకాల్లో పేలియోరైనస్ హిస్లోపి అని కనబడితే అది మలేరి జంతువే, వేరేది కాదు.

ఇందులో భూవిజ్ఞానులకు ఒక హెచ్చరిక ఉంది. పేలియోరైనస్ కనబడిన పొరలన్నీ ఒకే వయసువని చెప్పి, ఖండాల మధ్య పొరలను జతచేయడం చాలాకాలం నడిచింది. తొలి కొమ్మ లక్షణాలున్న ఫైటోసార్ ఏది దొరికినా ఆ పేరు తగిలించడం వల్ల ఆ కొలబద్ద సాగిపోయింది. ముక్కు ముందుకుందన్నది పాత లక్షణం. పాత లక్షణం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. కొత్తగా పుట్టిన లక్షణం ఉమ్మడిగా ఉంటేనే రుజువు.

మొసలికి ఎంత దూరపు చుట్టం

డిగ్రీ జువాలజీ పాత పుస్తకాల్లో థీకోడాన్షియా అని ఒక వర్గం కనిపిస్తుంది. గుంతల్లో పళ్లున్న ట్రయాసిక్ సరీసృపాలన్నీ అందులో పడేసి, మొసళ్లు, డైనోసార్లు దాంట్లోంచి వచ్చాయని చెప్పేవారు. ఇప్పుడు ఆ వర్గాన్ని వాడరు. తాతను, మనవళ్లలో కొందరిని కలిపి, మిగతా మనవళ్లను వదిలేసిన కుటుంబం లాంటిది అది.

నేటి మొసళ్లు, పక్షుల ఉమ్మడి పూర్వీకుడు, అతని సంతానమంతా కలిపి ఆర్కోసార్లు. వీటిలో మొసలి వైపు కొమ్మ సూడోసూకియా. ఫైటోసార్లు సూడోసూకియాలో అడుగు కొమ్మ అని చాలాకాలం అన్నారు. 2011లో స్టెర్లింగ్ నెస్‌బిట్ పెద్ద ఎత్తున లక్షణాలు పోల్చి, ఫైటోసార్లు ఆర్కోసార్ల గడప బయటే ఉన్నాయని, మొసలికీ పక్షికీ సమాన దూరపు చుట్టమని రాశాడు. 2016లో మార్టిన్ ఎస్కుర్రా మరో పెద్ద పోలికతో వాటిని మళ్లీ మొసలి కొమ్మ అడుగున పెట్టాడు. ఈ తేడా చిన్నది కాదు. నెస్‌బిట్ లెక్కలో మడమలోని కొయ్య గుంట అమరిక ఆర్కోసార్లకు ముందే పుట్టి, పక్షుల వైపు కొమ్మలో మారిపోయింది. ఎస్కుర్రా చెట్టులో ఫైటోసార్లు మొసలి కొమ్మలోనే ఉన్నాయి కాబట్టి, ఆ అమరిక మొసలి కొమ్మలోనే పుట్టిందనడానికి వీలు మిగులుతుంది. ఏ చెట్టు తీసుకున్నా ఒకటి మారదు: మొసలి రూపాన్ని ఫైటోసార్లు తమంతట తామే తెచ్చుకున్నాయి, వారసత్వంగా కాదు. అదే కాలంలో బతికిన అసలు మొసలి పూర్వీకులు చిన్నవి, పొడుగు కాళ్లతో నేల మీద పరుగెత్తే జంతువులు. వాటిని చూస్తే మొసలి గుర్తుకే రాదు.

మూతి సాగడం కూడా ఈ గుంపులో మొదటి నుంచీ ఉన్నది కాదు. చైనాలోని యునాన్ నుంచి 2012లో వర్ణించిన డయాన్‌డాంగోసూకస్‌ను మొదట మరో వంశంలో పెట్టారు. 2017లో స్టాకర్, సహచరులు దాన్ని పొట్టి మూతి ఫైటోసార్‌గా గుర్తించారు. అది మధ్య ట్రయాసిక్‌ది. పెంకులు, అవయవాలు ముందు ఫైటోసార్ తీరుకు వచ్చాయి, మూతి తర్వాత సాగిందన్నమాట. మూతి పోలికతోనే వర్గం కట్టేవాళ్లకు ఇది దొరికేదే కాదు. మలేరిసారస్‌కు కూడా 2022లో చోటు మారింది. అది అజెండోసారిడ్‌ల గుంపులోదని తేలింది, అమెరికాలోనూ దాని చుట్టాలు కనిపించాయి.

ముక్క దొరికితే

వానాకాలం దాటాక ఒర్రె గట్లు కొత్తగా కోసుకుపోయి ఎముకలు బయటపడతాయి. ఎర్రమట్టిలో ఎముక తెల్లగానో ఊదాగానో కనిపిస్తుంది, తరచుగా ఇనుప తుప్పు రంగు పెంకు పట్టి ఉంటుంది. సున్నపు గుళిక కూడా తెల్లగా, గుండ్రంగా ఉండి ఎముకలా మోసం చేస్తుంది. విరిగిన అంచు చూడాలి. గుళిక లోపల పొరపొరలుగానో ముద్దగానో ఉంటుంది, ఎముకలో సన్నటి రంధ్రాల జాలీ కనిపిస్తుంది. నాలుకకు అతుక్కుంటే ఎముక అన్న పాత చిట్కా ఇక్కడ నమ్మదగినది కాదు. మలేరి ఎముకల్లో రంధ్రాలు ఖనిజంతో నిండిపోయి ఉంటాయి, అతుక్కోవు. బంకమట్టి గడ్డ అతుక్కుంటుంది. మెలికలు తిరిగిన గుండు దొరికితే అది పెంట శిలాజం కావచ్చు. మలేరి వీటికి ఎప్పటినుంచో ప్రసిద్ధి. మెలిక చుట్ట ఉన్నదాన్ని మొసలి జాతి పెంట అనకూడదు, పేగులో మెలిక మడత ఉండే లంగ్‌ఫిష్ లాంటి చేపల పని అది.

ఒకదాని పక్కన ఒకటి ఎముకలు వరసగా ఉంటే తవ్వకూడదు. అటవీ భూమిలో రాయి, ఖనిజం కూడా 1927 భారత అటవీ చట్టం ప్రకారం అటవీ ఉత్పత్తే, అనుమతి లేకుండా తీస్తే నేరం. పక్కన స్కేలు పెట్టి ఫొటో, ఫోన్లో స్థలం కొలతలు, ఏ పొరలో ఎంత ఎత్తున ఉందో రాసుకుని అటవీశాఖకో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో చెప్పాలి. తీసేది వాళ్లయినా పద్ధతి ఇదే: ఎముక పైన తడిపిన పలచటి కాగితం, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పీలికలు. కాగితం మరిచిపోతే ప్లాస్టర్ ఎముకకే పట్టి, తర్వాత తీసేటప్పుడు పైపొర ఊడొస్తుంది.

ప్రయోగశాలలో సున్నపు రాయి కరగడానికి పలచని ఎసిటిక్ ఆమ్లం వాడతారు, 5 నుంచి 10 శాతం. అంతకంటే గాఢమైతే ఎముక కూడా తినేస్తుంది. బయటపడిన ఎముకకు ముందు పారలాయిడ్ బీ-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి పూత వేస్తారు. ఆమ్లంలోంచి తీశాక అందులో ఉంచినదానికి కనీసం రెండు మూడు రెట్ల కాలం పారే నీటిలో కడగాలి. కడుగు చాలకపోతే కొన్ని నెలలకు ఎముక మీద తెల్లటి లవణపు పొట్టు లేచి, కుట్లు, అంటే ఎముకల అతుకు గీతలు, పాడవుతాయి. ప్రీమాక్సిల్లా ఎక్కడ ఆగింది, మాక్సిల్లా ఎక్కడ మొదలైందన్నది ఆ గీత మీదే ఆధారపడి ఉంది. ఇనుప తుప్పు పెంకు ఆమ్లానికి కరగదు, సూది మొన గాలి పనిముట్టుతో గీకాల్సిందే, అదీ మైక్రోస్కోప్ కింద.

చీటీ మాత్రం ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్కటి. ఒకే చోట దొరికాయి కదా అని పది ముక్కలను ఒక సంచిలో వేసి ఒకే చీటీ కట్టకూడదు. తేదీ, ఊరు, ఒర్రె పేరు, మట్టిలోంచి తీసిందా, నేల మీద పడి ఉన్నదా, పక్క ముక్కకు ఎన్ని సెంటీమీటర్ల దూరం అన్నవి రాయాలి. నేల మీద పడి ఉన్నదైతే ఆ మాట పెద్దక్షరాలతో రాయాలి. పుర్రె అడుగు ముక్కకూ మూతి ముక్కకూ అలాంటి రెండు వేరు చీటీలుంటే, హైపరోడపెడాన్ ఎముక పారాసూకస్ పేరులోకి చేరి ఉండేది కాదు.